సబ్జా మొక్క ఆకు వంటకి పనికొస్తుందా?



ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే మా హైదరాబాద్ మధురానగర్ వీధుల్లో మనిషి కనపడడు. ఇలాంటి ఎండలో పడి ఇంటికొచ్చిన వాళ్లకి ముందు ఏమిస్తాం? ఓ గ్లాసు మజ్జిగ. లేదంటే నిమ్మకాయ నీళ్లు. ఆ నిమ్మకాయ నీళ్లలో ఓ చెంచాడు నానబెట్టిన సబ్జా గింజలు. నల్లగా, నువ్వుల కన్నా సన్నగా ఉంటాయి కదా, నీళ్లలో వేసిన కాసేపటికే చుట్టూ తెల్లటి జిగురు కట్టి ఉబ్బిపోతాయి. పాతబస్తీలో ఫలూదా తిన్నవాళ్లకీ, రంజాన్ నెలలో షర్బత్ తాగినవాళ్లకీ సబ్జాని నేను పరిచయం చెయ్యక్కర్లేదు.

గింజ సంగతి మనందరికీ తెలుసు. మరి ఆ గింజ కాసే మొక్క ఏమిటి? దాని ఆకు ఎక్కడికి పోతోంది? ఇవాళ ఆ ఆకు గురించే మాట్లాడుకుందాం.

ఆ మొక్కే బేసిల్. అవునండీ, పిజ్జా మీదా, పాస్తాలోనూ పచ్చగా కనపడుతుందే, ఆ ఆకే. మన పల్లెల్లో దీన్ని రుద్రజడ అంటారు, భూతులసి అంటారు. రకాలు చాలా ఉన్నాయి. ఒకదాని ఆకు వెడల్పు, ఇంకోదాని ఆకు సన్నం. ఒకటి తియ్యటి వాసన, ఇంకోటి లవంగం ఘాటు. జాతి మాత్రం ఒక్కటే. తమాషా చూడండి. గింజనేమో కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇస్తారు. ఆకునేమో అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో పెద్ద సూపర్ మార్కెట్లో, ప్లాస్టిక్ డబ్బాలో, విదేశీ సరుకన్నట్టు అమ్ముతారు. గింజకి ఒక లోకం, ఆకుకి ఒక లోకం.

ఆ డబ్బా కొన్న ఇళ్లలో వినపడే మాట ఒకటుంది. "రెండు ఆకులు వాడాం, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టాం, పొద్దున లేచి చూస్తే నల్లగా మాడిపోయింది" అని. డబ్బులు పోసి కొన్న ఆకు చెత్తబుట్టలోకి పోతే ఎవరికైనా మనసొప్పదు. కానీ తప్పు ఆకుది కాదు. దాని స్వభావం మనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకని ఇవాళ మూడు మాటలు చెబుతాను. మొదటి రెండూ ఇప్పుడే వినండి. ఆకుకి చలి పడదు. వాసనకి మంట పడదు. మళ్లీ చెబుతున్నాను. పచ్చి ఆకుకి చలి పడదు, దాని వాసనకి మంట పడదు. మూడో మాట నిల్వ సంగతి వచ్చినప్పుడు చెబుతాను. అది అన్నిటికన్నా ముఖ్యమైనది.

అసలు ఆకు దొరకాలి కదా అంటారేమో. నిజమే. మాకు దగ్గర్లో ఎర్రగడ్డ రైతు బజారు ఉంది. రైతు బజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి, అప్పటి నుంచీ ఆకుకూరలకి మనకి అదే పెద్ద దిక్కు. గోంగూర, పుదీనా, కొత్తిమీర, పాలకూర, చుక్కకూర, కట్టలకి కట్టలు. కానీ అవి దొరికినంత తేలిగ్గా బేసిల్ కట్ట దొరకదు. కాబట్టి పెంచుకోవడమే మేలు. ఎక్కడో వెతికి విత్తనం తేనక్కర్లేదు. కిరాణా కొట్లో సబ్జా గింజలు అడగండి. కొత్త సరుకైతే చాలు. చిటికెడు తీసి కుండీలో గుల్ల మట్టి మీద చల్లండి. పైన ఉండీ లేనట్టు మట్టి దులపండి. లోతుగా పూడ్చకండి. చేత్తో నీళ్లు చిలకరించండి. వారం తిరిగేలోగా మొలకలు కనపడతాయి. నెలన్నర దాటేసరికి కోతకొస్తుంది.

కొట్లో గింజతో వచ్చిన మొక్క ఆకు కాస్త చిన్నగా, ఘాటుగా ఉంటుంది. ఇటలీ రకం కావాలంటే నర్సరీలో మొక్క తెచ్చుకోండి, ఆకు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. ఏదైనా సరే, ఇవాళ చెప్పే పద్ధతులన్నీ రెండింటికీ పనికొస్తాయి.

చల్లటి దేశాల్లో బేసిల్ అంటే వేసవి పంట. అక్కడ చలి రాగానే మొక్క చచ్చిపోతుంది. మనకి ఆ బాధ లేదు. మన బాధ వేరు. మే నెల ఎండకి మొక్క కంగారు పడి పూతకొచ్చేస్తుంది. పూత వచ్చిందా, ఆకు ముదురుతుంది, చిన్నదవుతుంది, కాస్త చేదెక్కుతుంది. అందుకని పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట కుండీ పెట్టండి. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కొమ్మ చివర పూమొగ్గల వెన్ను కనపడగానే గిల్లేయండి. ఆకు కోసేటప్పుడు కూడా కింద నుంచి ఒక్కో ఆకు పీకకండి. పై చివర, జంట ఆకుల మీదుగా తుంచండి. తుంచిన చోట రెండు కొమ్మలు వస్తాయి. ఎంత తుంచితే అంత గుబురు.

ఇక్కడొక సందేహం చాలామందికి వస్తుంది. మా వైపు హాస్టళ్లు ఎక్కువ. కోచింగ్‌కి వచ్చిన పిల్లలు మధురానగర్‌లో ఉండి, మెట్రోలో ఒక్క స్టేషను దూరం అమీర్‌పేటకి వెళ్లొస్తుంటారు. అలాంటి అమ్మాయి ఒకామె నా కుండీ చూసి అడిగింది, "ఆంటీ, తులసాకు కూరలో వేస్తారా? తప్పు కదా?" అని. "ఇది తులసమ్మ కాదమ్మా, ఆవిడ దగ్గరి చుట్టం" అన్నాను. ఆ పిల్ల ఆకు నలిపి వాసన చూసి, "సగం తులసి, సగం సోంపులా ఉంది" అంది. నాలుక తెలిసిన పిల్ల!

మన ఇళ్లలో తులసిని కోటలో పెట్టి కొలుస్తాం. దళం దేవుడికి, తీర్థంలోకి. జలుబు చేస్తే కషాయంలోకి. మూకుట్లో వెయ్యడానికి చెయ్యి రాదు. రానక్కర్లేదు కూడా. కానీ లోకం ఒకేలా లేదు. థాయ్‌లాండ్‌లో సాక్షాత్తూ మన తులసి జాతి ఆకునే వేపుడులో వేసుకుంటారు. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి, మాంసం సన్నగా కొట్టి, పెద్ద మంట మీద వేయించి, దించే ముందు గుప్పెడు ఆకు దులిపి, అన్నంతో తింటారు. వాళ్లకది రోజువారీ భోజనం. ఎవరి పద్ధతి వాళ్లది. తులసి మీద భక్తి ఉన్నవాళ్లు తులసిని అలాగే ఉంచండి. సబ్జా మొక్కకి ఆ అభ్యంతరం లేదు. నిశ్చింతగా వంటింట్లోకి తీసుకెళ్లండి.

ఇక మొదటి మాట. ఆకుకి చలి పడదు.

బేసిల్ వేడి దేశాల మొక్క. పది డిగ్రీల కన్నా చల్లదనం తగిలితే ఆకు లోపల దెబ్బతింటుంది. మన ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీలే ఉంటుంది. అందుకే రాత్రి పెడితే పొద్దుటికి నల్ల మచ్చలు. కొత్తిమీర, పుదీనా ఫ్రిజ్‌లో హాయిగా ఉంటాయి కదా, ఇదెందుకు ఉండదు అనుకోకండి. దీని తీరు వేరు.

మరి ఎలా ఉంచాలి? కాడలతో కోయండి. కాడ చివర కాస్త ఏటవాలుగా కత్తిరించండి. కింది ఆకులు తీసేయండి. ఓ స్టీలు గ్లాసులో రెండు మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. వంటింట్లో ఎండ తగలని మూల పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఇంట్లో మట్టి కుండ ఉంటే దాని పక్కన పెట్టండి, అక్కడ గాలి కాస్త చల్లగా, తడిగా ఉంటుంది. రోజూ నీళ్లు మార్చండి. ఇలా వారం దాకా ఆకు నవనవలాడుతుంది. హాస్టల్ గదిలో కిటికీ గట్టు మీద కూడా ఇది కుదురుతుంది. ఒక్కోసారి కాడకి తెల్లటి వేళ్లు వచ్చేస్తాయి. వస్తే ఇంకా మంచిది, కుండీలో నాటేయండి.

కడగడం మాత్రం వాడే ముందే. కడిగి తడి ఆరకుండా మూత పెడితే కుళ్లుతుంది. ఆకుని కత్తితో కసాబిసా తరగకండి. వంకాయ కోసి బయట పెడితే నల్లబడుతుంది కదా, ఇదీ అంతే. నలిగిన చోట గాలి తగిలి రంగు మారుతుంది. చేత్తో చింపండి, వాడేసే క్షణంలో చింపండి.

రెండో మాట. వాసనకి మంట పడదు.

బేసిల్‌లో ఉన్నదంతా వాసనే. ఆకులో ఉండే సన్నటి సుగంధ తైలాలు వేడి తగలగానే గాల్లో కలిసిపోతాయి. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో మాత్రం ఏమీ మిగలదు. మనకి కరివేపాకు అలవాటు. నూనె కాగగానే చిటపటలాడించడం అలవాటు. ఆ చెయ్యి ఇక్కడ ఆగాలి. బేసిల్‌ని తాలింపులో వెయ్యకండి. పొయ్యి కట్టేశాకే వెయ్యండి. మళ్లీ చెబుతున్నాను, పొయ్యి కట్టేశాకే.

టమాటా చారు తీసుకోండి. బేసిల్‌కీ టమాటాకీ ఉన్న పొత్తు ఇటలీ వాళ్లు చెబితేనే తెలియాలా, మన చారులోనూ తెలుస్తుంది. పలచగా, మిరియాలు దంచి వేసి, మామూలుగా చారు కాయండి. ఇంగువ ఒక్కటి మానేయండి. ఇంగువ ఉన్నచోట ఈ ఆకు నోరెత్తదు. చారు దించి, ఆరేడు ఆకులు చింపి వేసి, మూత పెట్టండి. అయిదు నిమిషాలాగి మూత తియ్యండి. అంతే.

మజ్జిగలో వేసుకోవచ్చు. అల్లం ముక్క, ఉప్పు, నాలుగు ఆకులు కలిపి దంచి పలచటి మజ్జిగలో కలపండి. పండిన మామిడిపండు ముక్కల మీద ఆకు చింపి, చిటికెడు ఉప్పు చల్లుకుని తిని చూడండి. పుచ్చకాయ ముక్కలకీ ఇది బాగుంటుంది. నిమ్మకాయ షర్బత్‌లో ఆకు నలిపి వేసి, అందులోనే నానిన సబ్జా గింజలు కలిపితే, ఒకే మొక్క ఆకూ గింజా ఒకే గ్లాసులో ఉన్నట్టు. పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలు చల్లినట్టే, అట్టు దించేశాక నాలుగు ఆకులు వేసి మడవండి.

నూనెలో వేయించే ఉపాయం ఒక్కటి ఉంది. బజ్జీ. వామాకు బజ్జీలు మనకి తెలిసినవే. అలాగే పెద్ద ఆకులు శనగపిండిలో ముంచి వేయండి. ఇక్కడ మంట నేరుగా ఆకుకి తగలదు, పిండి అడ్డుపడుతుంది. వాసన లోపలే ఉండిపోతుంది. కొరికినప్పుడు బయటికొస్తుంది. పిండిలో వాము మాత్రం వేయకండి, రెండూ కొట్టుకుంటాయి.

బిర్యానీలో వెయ్యొచ్చా అని అడుగుతారు. నన్నడిగితే వద్దంటాను. అక్కడ పుదీనా రాజ్యం చేస్తోంది, దాన్ని కదపకండి. గోంగూరలోనూ వద్దు. ఆ పులుపు ముందు ఇది నిలవలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెబుతాను. రోట్లో నూరిన బేసిల్ తొక్కు.

ఇటలీలో జెనోవా అనే ఓడరేవు ఊరుంది. అక్కడి వాళ్లు బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, ఉప్పు, గట్టి జున్ను, ఆలివ్ నూనె కలిపి పాలరాతి రోట్లో కర్ర బండతో నూరతారు. దాని పేరు పెస్టో. మన రోటి పచ్చడి చేసే ఏ అమ్మయినా ఆ పని చూస్తే, "ఇదా! దీనికింత పేరా?" అంటుంది. పైన్ గింజలు మనకి దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. మనకి పల్లీలున్నాయి. మన పద్ధతిలో చేద్దాం.

రెండు గుప్పిళ్ల బేసిల్ ఆకు కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. గుప్పెడు పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, చల్లారనివ్వండి. మూడు నాలుగు పచ్చిమిరపకాయలు చెంచాడు నూనెలో మగ్గించి, అవీ చల్లారనివ్వండి. చల్లారడం ముఖ్యం. వేడిమీద ఏదీ రోట్లో పడకూడదు. ముందు రోట్లో కల్లుప్పు, పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరండి. తర్వాత పల్లీలు. మెత్తగా వద్దు, పంటికి తగలాలి. ఆఖరున ఆకు. ఒక్కసారి మొత్తం వేసెయ్యకండి, గుప్పెడు గుప్పెడుగా వెయ్యండి. దంచకండి, బండని గుండ్రంగా తిప్పుతూ నూరండి. ఉప్పు రవ్వలు ఆకుని చీలుస్తాయి. రోట్లోంచి వాసన లేస్తుంది, మొదట సోంపులా, తర్వాత లవంగంలా. నలిగిన ఆకు ముద్ద ముదురాకుపచ్చగా మెరుస్తుంది. అప్పుడు అర చెక్క నిమ్మరసం పిండండి. నిమ్మరసం రుచికే కాదు, రంగు నిలవడానికీ పనికొస్తుంది. రెండు చెంచాల పల్లీ నూనె కలపండి.

తాలింపు లేకపోతే తోచదు అనేవాళ్లు, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి వేయించి, పూర్తిగా చల్లారాక కలపండి. పొగలు కక్కే అన్నంలో ఈ తొక్కు వేసి కలిపితే, ఆ అన్నం వేడికే ఆకు వాసన లేస్తుంది. ఆ ఒక్క వేడి చాలు దీనికి. నెయ్యి వేసుకుంటారా, మీ ఇష్టం. దోసెలోకీ బాగుంటుంది.

రోలు లేనివాళ్లు మిక్సీ వాడండి. కానీ జార్‌ని ఓ అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. ఏకబిగిన తిప్పకండి. ఆపి ఆపి తిప్పండి. బ్లేడు వేడెక్కితే ఆకు నల్లబడుతుంది.

ఈ తొక్కు ఏ పూటకాపూట చేసుకోవాలి. మిగిలితే ఫ్రిజ్‌లో, రెండు మూడు రోజులు. బయట పెట్టకండి. ఇక్కడే నేను ముందు చెప్పిన మూడో మాట వస్తుంది. కాస్త జాగ్రత్తగా వినండి.

వేసవి మనకి నిల్వల కాలం. ఆవకాయ, మాగాయ, వడియాలు, ఊరమిరపకాయలు. జాడీ అంచు దాకా నూనె తేలితే ఆవకాయ ఏడాది ఉంటుందని చిన్నప్పటి నుంచీ చూశాం. అందుకని ఆకు కూడా నూనెలో ముంచితే నిలవుంటుంది అనుకుంటాం. ఉండదు. ఉన్నట్టు కనపడుతుంది, అదే ప్రమాదం.

ఆవకాయని నిలబెడుతున్నది నూనె ఒక్కటే కాదు. మామిడికాయ పులుపు ఉంది. ఉప్పు ఉంది, చేతికి బరువు తెలిసేంత ఉంది. ఆవపిండి, కారం ఉన్నాయి. తడి తగలకుండా మనం పడే జాగ్రత్త ఉంది. నూనె వీటన్నిటి మీదా మూత మాత్రమే. బేసిల్ ఆకులో పులుపు లేదు, ఉప్పు లేదు, పైగా నిండా నీరు. దాన్ని నూనెలో ముంచి బయట పెడితే గాలి ఆడదు. గాలి ఆడని చోట, పులుపు లేని తడిలో, బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది తయారుచేసే విషానికి రంగూ రుచీ ఉండవు. చూసి కనిపెట్టలేం. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి బయట నిలవ పెట్టడం కూడా ఇలాంటిదే.

కాబట్టి మూడో మాట ఇది. నూనె ఒక్కటే ఆకుని కాపాడదు. పులుపైనా ఉండాలి, ఉప్పైనా ఉండాలి, పూర్తిగా ఎండిపోయైనా ఉండాలి, లేదా డీప్ ఫ్రీజర్లో గడ్డైనా కట్టాలి. ఇంకోసారి. నూనె ఒక్కటే కాపాడదు. పులుపు, ఉప్పు, ఎండు, గడ్డ. వీటిలో ఒకటి తప్పనిసరి.

గడ్డ కట్టించడం అన్నిటికన్నా తేలిక. చలి పడదన్నారు కదా అని మీరు అడగొచ్చు. ఆకు ఆకులా నిలవాలంటే చలి పడదు. ఇక్కడ మనం ఆకుని వదిలేసి వాసనని పట్టుకుంటున్నాం. రెండు కప్పుల ఆకుకి మూడు నాలుగు చెంచాల నూనె, చిటికెడు ఉప్పు వేసి ముద్ద చెయ్యండి. ఐస్ ట్రేలో గడులు నింపండి. గడ్డ కట్టాక తీసి, గాలి లేకుండా జిప్ కవర్లో వేసి మళ్లీ ఫ్రీజర్లో పెట్టండి. నాలుగైదు నెలలు వాసన ఉంటుంది. చారు దించగానే ఒక బిళ్ల వేస్తే సరి. వెల్లుల్లి, పల్లీలు, నిమ్మరసం అందులో ముందే వెయ్యకండి, వాడే రోజున కలుపుకోండి.

రంగు పచ్చగా ఉండాలని పట్టుదల ఉన్నవాళ్లు, ఆకుని మరిగే నీళ్లలో ముంచి పది సెకన్లలో తీసేసి, వెంటనే ఐసు నీళ్లలో వెయ్యండి. నీరు పిండి, ఆరబెట్టి అప్పుడు ముద్ద చెయ్యండి. రంగు నిలుస్తుంది. వాసన కాస్త పోతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోండి. నాకైతే వాసనే కావాలి, రంగు ఎలా ఉంటే నాకేం. నూనె కూడా ఆలివ్ నూనే ఉండాలని లేదు. వాసన తక్కువున్న పల్లీ నూనె బాగుంటుంది. గానుగ నువ్వుల నూనె మాత్రం వద్దు, దాని వాసన దీన్ని మింగేస్తుంది. ఎండాకాలం కరెంటు పోయి ఫ్రీజర్ కరిగిపోయిందా, ఆ బిళ్లలు చల్లగా ఉండగానే ఆ రోజే వాడేయండి, మళ్లీ గడ్డ కట్టించకండి.

ఉప్పుతో నిల్వ చెయ్యాలంటే, గాజు సీసాలో ఓ వరస కల్లుప్పు, ఓ వరస తడి లేని ఆకు, మళ్లీ ఉప్పు, ఇలా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆకు నల్లబడుతుంది, పర్వాలేదు. అసలు సరుకు ఆ ఉప్పే. జామకాయ ముక్కల మీద ఆ ఉప్పు చల్లుకోండి, తెలుస్తుంది. తెల్ల వెనిగర్‌లో ఆకు వేసి రెండు వారాలాగి వడకట్టుకోవచ్చు. కీరా, ఉల్లిపాయ ముక్కల మీదకి పనికొస్తుంది. ఆ పులుపు వాడే ఇళ్లు తక్కువ కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

మిగిలింది పొడి. మన పుట్టింటి విద్య. కరివేపాకు పొడి చేసే చేతికి ఇది కొత్త కాదు. ఒక్కటే తేడా, కరివేపాకుని మూకుట్లో వేయిస్తాం, బేసిల్‌ని వేయించకూడదు. ఎండలోనూ పెట్టకూడదు. డాబా మీద వడియాల పక్కన ఆరబోశారా, సాయంత్రానికి గడ్డి మిగులుతుంది. నీడనే ఎండాలి. గదిలో పాత నూలు చీర పరిచి, ఆకు ఆకుకీ ఎడం ఉంచి, ఫ్యాన్ వెయ్యండి. మే నెలలో హైదరాబాద్ గాలిలో తడి తక్కువ. రెండు మూడు రోజుల్లో గలగలమంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడైపోవాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో రోజు ఆగండి. జూలై వచ్చి ముసురు పట్టిందంటే ఈ పద్ధతి పక్కన పెట్టి, ఫ్రీజర్ దారి పట్టండి.

శనగపప్పు, మినప్పప్పు కలిపి అర కప్పు, ఎనిమిది ఎండు మిరపకాయలు, కాస్త జీలకర్ర వేయించుకోండి. చిన్న ఉసిరికాయంత చింతపండు అదే వేడి మూకుట్లో వేసి గట్టిపడనివ్వండి. అన్నీ చల్లారాక ఉప్పు వేసి పొడి కొట్టండి. ఆఖరున కప్పు ఎండిన ఆకు చేత్తో నలిపి వేసి, ఒక్క తిప్పు తిప్పి ఆపండి. తడి లేని సీసాలో, వెలుతురు తగలని చోట, నెల రోజులు బాగుంటుంది. ఇడ్లీలోకి, ఉప్మాలోకి. పెరుగన్నం మీద చల్లుకుంటే నంజుకోవడానికి ఇంకేమీ వద్దు.

మన పిల్లలు చాలామంది అమెరికాలోనో ఇంకో చల్లటి దేశంలోనో ఉన్నారు. మనం ఇక్కడి నుంచి కరివేపాకు పొడి, కందిపొడి పొట్లాలు కట్టి పంపుతుంటాం. బేసిల్ పొడి పంపనక్కర్లేదు, అక్కడ వేసవిలో పెద్ద పెద్ద కట్టలు దొరుకుతాయి. పెరడు ఉన్నవాళ్లయితే వేసవిలో పెంచుకుంటారు కూడా. ఈసారి ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పండి. మనకి లేని తొందర వాళ్లకి ఉంది, మొదటి మంచు పడిన రాత్రే ఆ మొక్క నల్లబడి వాలిపోతుంది. కాబట్టి మంచు కబురు వినగానే, ఆ సాయంత్రమే కత్తెర తీసుకుని వెళ్లి మొత్తం కోసెయ్యమనండి. సగం ఆకు ముద్ద చేసి ఐస్ ట్రేలోకి. రెండు మంచి కాడలు గ్లాసు నీళ్లలోకి, కిటికీ దగ్గరికి. మిగిలిన ఆకుతో ఆ రాత్రికి తొక్కు. పల్లీలు వాళ్లకీ దొరుకుతాయి.